రాని పాట మీద లొల్లి

స్పిరిట్‌లో ముంచిన దూది వాసన తగిలితే ఎవరికైనా ముందు సూది గుర్తొస్తుంది. తొంభైల్లో వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో పాటల పిచ్చితో తిరిగిన పోరలకు మాత్రం టేప్ రికార్డర్ హెడ్డు, అంటే టేపు మీది పాటను చదివే లోహపు ముక్క, గుర్తొస్తుంది. మందుల దుకాణంలో చిన్న సీసా కొనడం, అగ్గిపుల్లకు దూది చుట్టి తడిపి పిండడం, హెడ్డు మీద నెమ్మదిగా రుద్దడం. దూదికి గోధుమరంగు మరక అంటేది. టేపుకు పూసిన ఐరన్ ఆక్సైడ్ రాలి పడిన పొడి అది. సన్నటి పొర పేరుకున్నా చాలు, తాళాల 'ఛిస్', గాయని పలికే 'స'కారం మొద్దుబారిపోయేవి. రబ్బరు రోలర్‌కు మాత్రం స్పిరిట్ పెట్టేవాళ్లు కాదు. రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుందని తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టేవాళ్లు.

ఈ సేవంతా జరిగేది కొత్త పాటల క్యాసెట్ తెల్లారితే షాపుకు వస్తుందని తెలిసిన రాత్రి. అంతకు ముందు నెల రోజులు వేరే పని ఉండేది. ఇంకా ఎవరూ వినని పాట గురించి కొట్లాడుకోవడం. ఎవరు పాడిండ్రు, గిటార్ అసలుదా కీబోర్డులోదా, ఎన్ని నిమిషాలుంటది, ఏ సైడుల మొదటిది. చేతిలో ఉన్న ఆధారాలు మూడే: ఒక వాల్‌పోస్టరు, వారపత్రికలో నాలుగు లైన్లు, రేడియోలో పదిహేను సెకన్ల ముక్క. అంత కొంచెంలోంచి ఎంతెంత పిండేవాళ్లో చూస్తే ఇప్పుడు ఆశ్చర్యమేస్తుంది. ఇవాళ పోస్టరు, గ్లింప్స్, టీజర్, ప్రోమో అన్నీ చూసి కూడా పాట ఎట్లుంటుందో చెప్పలేకపోతున్నారు. అప్పటివాళ్ల అంచనాలు తగిలేవి. దానికి కారణం చెవి ఒక్కటే కాదు, మెషీను ఎక్కడెక్కడ అబద్ధం చెబుతుందో కూడా వాళ్లకు తెలుసు.

పావుగంట ప్రోగ్రాం

వివిధ భారతిలో రాబోయే సినిమాలకు పావుగంట ప్రచార కార్యక్రమాలు వచ్చేవి. ఒక బరువైన గొంతు సినిమా పేరు చెప్పి, తారల పేర్లు చదివి, మధ్యలో డైలాగులు వేసి, వాటి నడుమ పాట ముక్కలు వదిలేది. పల్లవి మొదటి లైను మనకు అందేలోపు ఆ గొంతు మళ్లీ మీద పడేది. ఆ కార్యక్రమం ఎప్పుడొస్తుందో తెలిసిన ఇంట్లో ఆ పావుగంట కుక్కర్ కూత కూడా పెట్టనిచ్చేవాళ్లు కాదు.

దాన్ని పట్టుకోవడానికి ఒక క్రమం ఉంది. రేడియో, టేప్ రికార్డర్ కలిసి ఉండే టూ-ఇన్-వన్‌లో టేపును ముందే ఖాళీ జాగకు తెచ్చిపెట్టుకోవాలి. మొదట పాజ్ నొక్కాలి, ఆ తర్వాత రికార్డు, ప్లే రెండూ కలిపి నొక్కాలి. అప్పుడు మోటారు తిరుగుతుంటుంది కానీ టేపు కదలదు. చదివేటాయన ఊపిరి పీల్చుకున్న క్షణంలో పాజ్ వదలాలి. వదిలిన వెంటనే టేపు సరైన వేగాన్ని అందుకోదు కాబట్టి ముక్క మొదట్లో స్వరం కొంచెం జారుతుంది. కొత్తవాళ్లు ఆ జారుడును గాయకుడు వేసిన సంగతి అనుకొని, "ఏం గమకం ఏసిండు భయ్!" అని మురిసేవాళ్లు. తెలిసినవాళ్లు మొదటి అర సెకనును లెక్కలోకే తీసుకునేవాళ్లు కాదు.

ఇంతకన్నా పెద్ద మోసం ఆటోమేటిక్ లెవెల్‌ది. చిన్న సెట్లలో రికార్డింగ్ లెవెల్ మన చేతిలో ఉండదు. శబ్దం తగ్గితే సెట్టే పెంచుకుంటుంది, గట్టి దెబ్బ పడితే సెట్టే అణిచేస్తుంది. అందుకే గట్టిగా మోగే పాట కూడా రేడియో ముక్కలో సాధు పాటలా వినిపించేది. గిటార్ ముందుకు, డ్రమ్ములు వెనక్కి. "ఈసారి మెలొడీ ఇచ్చిండు" అని తీర్పు చెప్పినవాళ్లు క్యాసెట్ వచ్చిననాడు నవ్వులపాలయ్యేవాళ్లు. డ్రమ్ముల అసలు బలం తెలియాలంటే డ్రమ్మును వినకూడదు. దెబ్బ పడ్డ మరుక్షణం గాయకుడి గొంతు ఎంత కిందికి కుంగిందో వినాలి. కుంగుడు ఎక్కువైతే దెబ్బ గట్టిదన్నట్టు. రాక్ తరహా పాటలను ముందే పసిగట్టిన పోరలంతా ఈ కుంగుడును బట్టి పట్టినవాళ్లే.

సిగ్నల్ సంగతి సుత చెప్పాలి. మీడియం వేవ్ పట్టేది బయటికి గుంజే ఏరియల్ కాదు, అది షార్ట్ వేవ్‌కూ ఎఫ్ఎమ్‌కూ. మీడియం వేవ్‌కు సెట్టు లోపల ఫెర్రైట్ కడ్డీ ఒకటి పొడవునా అడ్డంగా ఉంటుంది. కడ్డీ కొస స్టేషన్ వైపు తిరిగితే సిగ్నల్ పడిపోతుంది, పక్క భాగం తిరగాలి. హైదరాబాదు మనకు నైరుతి దిక్కు. సెట్టు ముఖమో వీపో అటు పెట్టి, ట్యూబ్‌లైటు ఆర్పి, సెట్టును గోడలోని కరెంటు వైర్లకు దూరంగా స్టూలు మీద పెట్టి కూర్చునేవాళ్లు. ఇంత చేశాక గల్లీలోంచి ఒక లూనా మోపెడ్ పోతే అంతే, ముక్క మొత్తం టపటప.

శ్రుతి ఎవరి టేపుది?

క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. ఏ ఇంటి సెట్టూ సరిగ్గా అంత నడిచేది కాదు. బ్యాటరీలు నీరసించినా, బెల్టు సాగినా, రోలర్‌కు జిడ్డు పట్టినా వేగం తగ్గుతుంది. వేగం 6 శాతం తేడా వస్తే శ్రుతి ఒక మెట్టు, అంటే హార్మోనియం మీద పక్క కీ అంత, మారిపోతుంది. ఒకే పాట ముక్కను రెండిళ్లలో విని ఒకరు 'ఇ' అంటే ఇంకొకరు దాని పక్క స్వరం 'ఎఫ్' అనడం ఇందుకే. కాజీపేట రైల్వే కాలనీ, ఫాతిమానగర్ వైపు చర్చిలో గిటార్ వాయించే పిల్లలు ఉండేవాళ్లు. వాళ్ల దగ్గరికి పోతే మూడో మాట వచ్చేది: "రెంటికీ మధ్యలుంది, మీ టేపే ఖరాబుంది."

దీనికి తెలివైన మందు ఒకటుండేది. రేడియోలో గంట కొట్టేముందు వచ్చే టైం బీప్‌లను క్యాసెట్ మొదట్లోనే ఎక్కించి పెట్టుకోవాలి. ఆ క్యాసెట్‌ను ఇంకో సెట్టులో వేసినప్పుడు టేపులోని బీప్, నేరుగా రేడియోలో వచ్చే బీప్ ఒకే ఎత్తులో ఉంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. లేకపోతే మోటారు వెనక చిన్న రంధ్రంలో వేగం సవరించే స్క్రూ ఉంటుంది. గడియారాలు బాగుచేసే సన్నటి స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పాలి. ఎక్కువ తిప్పితే ఇంట్లో ఉన్న పాత క్యాసెట్లన్నీ ఎలుక గొంతుతో పాడతాయి. అందుకే తిప్పే ముందు స్క్రూ గీత ఎటుందో పెన్నుతో గుర్తు పెట్టుకోవడం రివాజు.

శ్రుతి తేలాక లయ. గడియారం ముల్లు చూస్తూ పదిహేను సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. ముప్పై పడితే నిమిషానికి 120, కాలు ఆడించే పాట. ఆ తర్వాత బేస్ గిటార్. చిన్న స్పీకర్లో బేస్ వినిపించదు కాబట్టి ఇయర్‌ఫోన్ పెట్టుకొనో, సెట్టును ఖాళీ బీరువా చెక్క మీద పెట్టో వినేవాళ్లు. బేస్ మొదట సి, తర్వాత జి పట్టిందంటే మూడోది ఏ మైనర్, నాలుగోది ఎఫ్ అని పందెం కాసేవాళ్లు. పాప్-రాక్‌లో ఆ నాలుగు కార్డుల (కలిపి మోగించే స్వరాల గుంపుల) చక్రం అంత వాడుక. చాయ్ పందెమే కాబట్టి ఓడినా పెద్ద నష్టం లేదు.

కాగితం చదివే కళ

1992లో 'రోజా' వచ్చాక క్యాసెట్ లోపలి కాగితానికి విలువ పెరిగింది. అంతకు ముందు గాయకుల పేరు, కవి పేరు చూసి మడత పెట్టేసేవాళ్లు. రహమాన్ క్యాసెట్ల కాగితాల మీద వాయిద్యకారుల పేర్లు అచ్చవడం మొదలయ్యాక పోరలకు కొత్త పాఠ్యపుస్తకం దొరికినట్టయింది. బేస్ కీత్ పీటర్స్, డ్రమ్స్ శివమణి, ఫ్లూట్ నవీన్. ఈ పేర్లు మన గల్లీల్లో హీరోయిన్ల పేర్లంత తేలిగ్గా దొర్లేవి. తర్వాతి సినిమాకు ఎవరు వాయిస్తున్నారో ఏ పత్రికలోనైనా ఒక్క ముక్క కనబడితే చాలు, పాట సగం కట్టేసేవాళ్లు.

పాటల వరుస కూడా సంగతులు చెబుతుంది. ఆరు పాటల సినిమాలో 'ఏ' (A) సైడు మొదటి పాట మీద కంపెనీకి నమ్మకం ఎక్కువ. బీ సైడు మొదటి పాట రెండో నమ్మకం, ఎందుకంటే తిప్పి వేయగానే వినపడేది అదే. బలహీనమైన పాట 'ఏ' సైడు చివర పడుతుంది. అక్కడికొచ్చేసరికి చాలామంది ఫార్వర్డ్ నొక్కేస్తారు. ముందుగా వచ్చే ప్రకటనల్లో పాటల జాబితా కనబడితే ఈ లెక్కతోనే ఏది హిట్టో చెప్పేవాళ్లు. ఈ లెక్క బోల్తా పడ్డ సందర్భాలు లేకపోలేదు. రెండు సైడుల నిడివి సరిపోకపోతే కంపెనీవాళ్లు నిమిషాల కోసం పాటలను అటూ ఇటూ జరుపుతారు. అప్పుడు వరుస చెప్పేది నమ్మకం గురించి కాదు, టేపు పొదుపు గురించి.

గాయకుడి పేరుతో అంచనా మరీ తేలిక, దాని మీద పెద్దగా లొల్లి ఉండేది కాదు. కవి పేరు దగ్గర మాత్రం మనవాళ్లకు పక్షపాతం ఉండేది. చంద్రబోస్‌ది చిట్యాల మండలం చల్లగరిగ. 1995లో 'తాజ్ మహల్'తో ఆయన పేరు కాగితం మీద కనబడ్డప్పటి నుంచి, ఏ సినిమాలోనైనా ఆ పేరుంటే "ఆ పాట మనోనిది, అదే హిట్టు" అని పాట వినకుండానే తేల్చేసేవాళ్లు. ఆస్కార్ 2023లో వచ్చింది గానీ, ఇక్కడి షాపుల ముందు ఆయనకు ఎప్పుడో ఇచ్చేశారు. 2000లో 'బాచి'తో మహబూబాబాద్ దగ్గరి కంబాలపల్లి నుంచి సంగీత దర్శకుడు చక్రి వచ్చాక ఈ పక్షపాతం ఇంకో మెట్టెక్కింది. చక్రి రాబోయే ట్యూన్ తమ సోపతిగానికి ఫోన్‌లో వినిపించాడని చెప్పుకోని కాలేజీ ఒక్కటి కూడా వరంగల్‌లో మిగల్లేదు. అందులో నిజమెంతో అందరికీ తెలుసు, అయినా ముచ్చట మాత్రం శ్రద్ధగా వినేవాళ్లు.

ఐదు నిమిషాల ఖాళీ జాగ

హనుమకొండ చౌరస్తా, వరంగల్ స్టేషన్ రోడ్డుల్లో పాటలు ఎక్కించి ఇచ్చే షాపులుండేవి. పద్ధతి అందరికీ తెలిసిందే. తెల్లకాగితం మీద పాటల జాబితా, దాంతో ఒక ఖాళీ క్యాసెట్ ఇచ్చి, రెండు రోజులకు రమ్మంటే పోవడం. చట్టం ప్రకారం తప్పే, ఆ రోజుల్లో ఎవరికీ పట్టలేదు.

60 నిమిషాల క్యాసెట్‌లో సైడుకు ముప్పై నిమిషాలు, టేపు సుమారు 90 మీటర్లు. 90 నిమిషాలదైతే సైడుకు నలభై ఐదు. పాటలు ఎక్కువ పడతాయని కొందరు 120 అడిగేవాళ్లు, షాపాయన వద్దనేవాడు. 60ది 18 మైక్రాన్ల మందం, 90ది 12, 120ది 9. అంత పలుచని టేపు మే నెల ఎండలో సాగుతుంది, రోలర్‌కు చుట్టుకుంటుంది. చుట్టుకున్నప్పుడు గట్టిగా గుంజితే ముడతలు పడి ఆ జాగలో పాట ఎప్పటికీ వణుకుతూనే ఉంటుంది. ఎజెక్ట్ నొక్కి, రోలర్‌ను వేలితో వెనక్కి తిప్పుతూ వదిలించి, పెన్సిల్ పెట్టి లోపలికి చుట్టాలి.

ఇప్పుడు అసలు ముచ్చట. జాబితా రాసేటప్పుడు కొందరు నాలుగో పాట దగ్గర "ఖాళీ" అని రాసేవాళ్లు. ఇంకా రాని పాటకు జాగ. ఫలానా సినిమా క్యాసెట్ వచ్చే నెల వస్తుంది, అందులో ఫలానా పాట హిట్టవుతుంది, అది ఇక్కడ పడాలి, ముందు ఆ పాట వెనక ఈ పాట వినాలి. ఇంత నమ్మకం వినని పాట మీద! షాపాయన విసుక్కుంటూనే, "ఎన్ని నిమిషాలు ఇడువాలె?" అని అడిగేవాడు. లొల్లంతా అక్కడే.

సినిమా పాట నాలుగున్నర నుంచి ఆరు నిమిషాలు. పల్లవి, మ్యూజిక్, చరణం, మళ్లీ మ్యూజిక్, రెండో చరణం. డ్యూయెట్ అయితే పెద్దది, హీరో పరిచయ పాట అయితే కొంచెం చిన్నది. పాశ్చాత్య పాప్-రాక్ పద్ధతిలో పల్లవి మళ్లీ మళ్లీ వచ్చేదైతే నాలుగు చాలు. పోస్టర్ మీద హీరో చేతిలో గిటార్ ఉంటే నాలుగు, హీరోయిన్‌తో మంచుకొండల మీద ఉంటే ఐదున్నర అని షాపాయన లెక్క. దాని మీద అర నిమిషం అదనం వదిలేవాడు. అదనం మిగిలితే నష్టం లేదు, కొంచెం సుయ్‌మని ఊరుకుంటుంది. తక్కువైతే మాత్రం కొత్త పాట తోక పక్క పాట తలను మింగేస్తుంది.

అందులోనూ రెండు చిక్కులు. మొదటిది కౌంటర్ అంకెలు. మూడంకెల కౌంటర్ రీలు తిరుగుడును లెక్కిస్తుంది, కాలాన్ని కాదు. చుట్టుకునే రీలు మొదట్లో సన్నగా ఉండి వేగంగా తిరుగుతుంది, లావయ్యే కొద్దీ నెమ్మదిస్తుంది. మొదట్లో ఐదు నిమిషాలకు వచ్చిన అంకెలు చివర్లో ఐదు నిమిషాలకు రావు. అంకెలు చూసి ఖాళీ వదిలినవాళ్ల పని గోవింద, చేతిగడియారం చూసి వదిలినవాళ్లే బాగుపడేవాళ్లు. రెండోది ఎరేజ్ హెడ్డు. టేపు ముందు చెరిపే హెడ్డును దాటి తర్వాతే రికార్డు హెడ్డుకు చేరుతుంది. అందువల్ల ఆపిన చోట చెరిపివేయబడి, కొత్తది ఎక్కని చిన్న ముక్క, సెకనులోపే, మిగిలిపోతుంది. పక్క పాటకు సరిగ్గా అంచుదాకా వచ్చి ఆపితే దాని మొదటి దెబ్బ ఎగిరిపోతుంది. పాత పాట మొదలవడానికి రెండు సెకన్ల ముందే ఆపాలి.

ఇంకొకటి, క్యాసెట్ వీపున ఉండే చిన్న పలుకులు. ఏ సైడు మన వైపు ఉంటే దాని ఎడమ పలుకు ఆ సైడుది. పాటలు చెరిగిపోకుండా షాపాయన అలవాటుగా రెండూ విరిచేసేవాడు. ఖాళీ వదిలిన క్యాసెట్‌కు విరవొద్దని ముందే చెప్పాలి. మరిచిపోతే ఆ రంధ్రం మీద సెల్లోటేపు అంటించుకోవడమే. క్రోమ్ (క్రోమియం పూత ఉన్న) క్యాసెట్లకైతే పక్కనే ఇంకో గుంట ఉంటుంది, దాన్ని కూడా కలిపి మూసేస్తే కొన్ని డెక్‌లు దాన్ని మామూలు టేపనుకొని రికార్డు చేస్తాయి, ధ్వని పాడవుతుంది.

ఆ ఖాళీల్లో కొన్ని ఎప్పటికీ నిండలేదు. సినిమా ఆగిపోయేది, లేదా క్యాసెట్ వచ్చాక పాట నచ్చేది కాదు. ఇప్పటికీ పాత డబ్బాల్లో మూడో పాటకూ ఐదో పాటకూ మధ్య ఐదు నిమిషాలు సుయ్‌మనే క్యాసెట్లు దొరుకుతుంటాయి. అవి పాడైపోయాయనుకొని పారేస్తుంటారు.

ఆర్ఈసీ వైపు గాలి

కాజీపేట దగ్గరి రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ (ఆర్ఈసీ) హాస్టళ్లలో ఈ ఆటే ఇంకో భాషలో నడిచేది. ఆ కాలేజీల్లో సగం సీట్లు బయటి రాష్ట్రాల పిల్లలవి. సెలవులైపోయి రైళ్లు దిగేటప్పుడు షిల్లాంగ్, కలకత్తా, గోవా క్యాసెట్లు కూడా వాళ్లతో దిగేవి. ఇంగ్లిషు రాక్ మొదటిసారి చెవినపడ్డ వరంగల్ పిల్లల్లో చాలామందికి అది ఆ హాస్టల్ కిటికీల్లోంచి పడిందే.

అక్కడ ఆధారాలు వేరు. షార్ట్ వేవ్‌లో బీబీసీ, 31 మీటర్ల బ్యాండో 25 మీటర్ల బ్యాండో, అలలు అలలుగా వచ్చి పోతూ. 1993లో అలహాబాదులో మొదలైన 'రాక్ స్ట్రీట్ జర్నల్' పత్రిక, ఒక కాపీ హాస్టల్ మొత్తం తిరిగి అట్ట ఊడే దాకా. కేబుల్ వచ్చాక 1994 నుంచి ఛానల్ వీ, 1996లో మళ్లీ ఎంటీవీ. విదేశీ పత్రిక పాతది చేతికందేసరికి అందులో "రాబోతోంది" అన్న పాట అక్కడ వచ్చి పోయి ఉండేది. ఇక్కడ మాత్రం అది ఇంకా రాబోయే పాటే, దాని మీద వాదన ఆగేది కాదు.

సినిమా పాటకూ బ్యాండ్ పాటకూ అంచనాలో పెద్ద తేడా ఉంది. సినిమా పాటకు కథ, హీరో, సందర్భం అనే ఊతకర్రలుంటాయి. బ్యాండ్‌కు అవేవీ లేవు, పాత ఆల్బమే ఆధారం. 1997 ఆగస్టులో సోనీ నుంచి రహమాన్ 'వందేమాతరం' వచ్చేముందు చౌరస్తా పోరలు ఇక్కడే తడబడ్డారు. సినిమా కాదు, హీరో లేడు, ఫైట్ తర్వాత వచ్చే పాటా ముందు వచ్చే పాటా అన్న ప్రశ్నే లేదు. ఇన్నేళ్ల లెక్కలన్నీ పక్కన పెట్టాల్సి వచ్చింది. హాస్టల్ వాళ్లకు ఆ అలవాటు ముందే ఉంది. పాత ఆల్బంలో గిటారిస్టు ఉన్నాడా మారాడా, నిర్మాత ఎవరు, స్టూడియో ఏది అని వాళ్లు అడిగే ప్రశ్నలు అప్పటి నుంచి చౌరస్తాకూ పాకాయి.

అన్నిటికంటే పొడుగు నిరీక్షణ అమెరికా రాక్ బ్యాండ్ గన్స్ ఎన్ రోజెస్‌ది. 1991లో సొంత పాటల ఆల్బములు రెండు ఒకేసారి ఇచ్చారు. తర్వాతిది వస్తోంది, వస్తోంది అంటూ చివరికి 2008 నవంబరులో వచ్చింది. ఈ మధ్యలో ఎన్ని బ్యాచ్‌లు చేరి పాసై పోయాయో, ఆఖరికి 2002లో ఆర్ఈసీయే ఎన్‌ఐటీ అయిపోయింది. 2001 జనవరిలో రియోలో జరిగిన కచేరీలో వాళ్లు కొత్త పాటలు కొన్ని వాయించారు. ఆ రికార్డింగులు పట్టుకొని స్టూడియోలో పాట ఎట్లుంటుందో ఊహించడం ఒక చదువైపోయింది. వేదిక మీద లయ కొంచెం వేగం పెరుగుతుంది, కాబట్టి తగ్గించి వినాలి. గొంతు అలసి పైస్వరాలు తప్పిస్తుంది, కాబట్టి అక్కడ అసలు ట్యూన్ పైకి పోతుందని అనుకోవాలి. జనం అరుపుల్లో కీబోర్డు మునిగిపోతుంది, కాబట్టి స్టూడియోలో ఇంకో పొర ఉంటుందని లెక్కేసుకోవాలి.

మూడు ఫ్లాపీల పాట

ఇంటర్నెట్ కేఫ్‌లు వచ్చాక ఆధారాలు ఎక్కువయ్యాయి, అబద్ధాలు ఇంకా ఎక్కువయ్యాయి. 128 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి ఒక ఎంబీకి కొంచెం తక్కువ. నాలుగు నిమిషాల పాట నాలుగు ఎంబీ లోపు. 56కే మోడెం మీద, లైను బాగుంటే, పావుగంట. లైను తెగితే మళ్లీ మొదటి నుంచి. ఆగిన దగ్గర్నుంచి కొనసాగించే సాఫ్ట్‌వేర్ ఉన్న కేఫ్‌కే గిరాకీ. ఇంటికి తీసుకుపోవడానికి 1.44 ఎంబీ ఫ్లాపీలు మూడు కావాలి, పాటను ముక్కలు చేసి ఎక్కించాలి. మూడో ఫ్లాపీ చదవలేదంటే మొదటి రెండూ వృథా.

ఫైలు పేరు మీద రాబోయే పాట పేరుంటుంది, లోపల ఎవరిదో పాట ఉంటుంది. పట్టుకునే గుర్తులు కొన్ని ఉండేవి. ప్రకటించిన నిడివికీ ఫైలు నిడివికీ పొంతన లేకపోవడం. ఒక్క కోరస్‌నే కోసి నాలుగు నిమిషాలు తిప్పడం. ఇది అమెరికాలో రికార్డు కంపెనీలే కావాలని వదిలిన ఎర. 2003లో మడోన్నా కొత్త ఆల్బం పేరుతో వదిలిన ఫైళ్లలో పాటకు బదులు ఆమె తిట్టు వినిపించేది. పాట చివర్లో ఇంకో పాట మొదలు కలిసిపోయి వినిపిస్తే అది రేడియోలోంచి ఎక్కించింది, అంటే అసలు పాటే కావచ్చు, భద్రంగా ఉంచుకోవాలి.

సీడీ రైటర్ల కాలం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 700 ఎంబీలో నూటయాభైకి పైగా పాటలు పట్టేసరికి ఖాళీ వదిలే అవసరమే పోయింది.

నోకియా 3310 ముచ్చట మాత్రం వేరు. దాని కంపోజర్‌లో 50 స్వరాలు పట్టేవి. 1 నుంచి 7 దాకా మీటలు సరిగమలు, 0 మౌనం, 8 నొక్కితే స్వరం కుదించుకుంటుంది, 9 నొక్కితే సాగుతుంది, నక్షత్రం గుర్తు స్థాయి మారుస్తుంది, దాని పక్క మీట తీవ్రస్వరం. టీవీ ప్రోమోలో పది సెకన్ల పల్లవి వినగానే అది ఫోన్‌లోకి ఎక్కేది. యాభైలో పల్లవికి ముప్పై పోతే మిగిలిన ఇరవైలో చరణం మొదలు ఎట్లుంటుందో ఊహించి కొట్టేవాళ్లు. ఆ మీటల వరుస నోటుపుస్తకాల వెనక పేజీల్లో చేతులు మారి, క్యాసెట్ వచ్చేసరికి ఒకే పాటకు నాలుగైదు చరణాలు ఊరంతా మోగుతుండేవి. బస్టాండులో ఎవరి ఫోన్ మోగినా "ఇది ఏ కాలేజీ చరణం?" అని అడిగే పరిస్థితి.

ఆ క్యాసెట్లు ఇంకా ఉంటే

రేడియో ప్రచార ముక్కలు ఎక్కించిన క్యాసెట్లు కొందరి ఇళ్లలో అటకల మీద ఇంకా ఉన్నాయి. సినిమా పాటలు ఎక్కడైనా దొరుకుతాయి. ఆ ప్రకటనలు, ఆ వ్యాఖ్యానం, పల్లవి మీద పడే ఆ గొంతు దొరకడం కష్టం. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలనుకుంటే తొందరపడి ప్లే నొక్కొద్దు.

ముందు కిటికీలోంచి టేపు చుట్టను చూడండి. తెల్లటి బూజు కనబడితే వేయొద్దు, అది హెడ్డుకు అంటి మిగతా క్యాసెట్లకు పాకుతుంది. టేపు వెనక చిన్న స్పాంజి ముక్క ఊడిపోయి ఉంటే ధ్వని వస్తూ పోతూ ఉంటుంది, దాన్ని చుక్క జిగురుతో అంటించి ఆరనివ్వాలి. ఐదు స్క్రూల క్యాసెట్ అయితే విప్పి టేపును ఇంకో డబ్బాలోకి మార్చొచ్చు. అతికించి మూసినదైతే బ్లేడుతో అంచు వెంబడి మెల్లగా తెరవాలి. ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్, మళ్లీ మొదటికి రివైండ్ చేస్తే బిగుసుకున్న చుట్ట వదులవుతుంది.

హెడ్డు పక్కన స్ప్రింగుతో ఒక స్క్రూ ఉంటుంది, హెడ్డు వంపు సరిచేసేది. డెక్‌ను మోనోలో పెట్టి, వ్యాఖ్యాత 'స', 'శ'లు ఎక్కడ స్పష్టంగా పలికితే అక్కడ ఆపాలి. తిప్పే ముందు గుర్తు పెట్టుకోవడం తప్పనిసరి. డాల్బీ (టేపు సుయ్‌మనే శబ్దాన్ని తగ్గించే ఏర్పాటు) ఆఫ్‌లో ఉండాలి, టూ-ఇన్-వన్‌లో ఎక్కించిన వాటికి డాల్బీ ఉండదు. కంప్యూటర్లో మైక్ రంధ్రంలో కాదు, లైన్-ఇన్‌లో పెట్టాలి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా, గట్టి దెబ్బ పడ్డప్పుడు కూడా మీటరు పై అంచుకు ఆరు డెసిబెల్స్ కింద ఉండేట్టు ఎక్కించండి. సైడు మొత్తం ఒకే ఫైలు. పాట ముక్కలు మాత్రమే కోసి ఉంచుకోవద్దు, ఏ ముక్క ఏ సినిమాదో తేల్చేది వ్యాఖ్యానమే. మధ్యలో ఐదు నిమిషాలు ఏమీ వినిపించకపోయినా టేపును ఆపకుండా చివరిదాకా పోనివ్వండి.